తాతయ్య ఇంటిపేరు

మా ముద్రణాలయంలో యంత్రాలన్నిటికీ చుట్టరికాలున్నాయి. చూపులేని పిల్లల కోసం బ్రెయిలీ పుస్తకాలు అచ్చువేసే చోటు అది. కాగితం మీద చుక్కలు పొడిచే పెద్ద యంత్రం పెద్దమ్మ. దాని పక్కనున్న చిన్నది చిన్నమ్మ. అట్టలు కోసేది ఎప్పుడూ గుర్రుమంటూ ఉంటుంది గనక మేనమామ. మెయిళ్ళు పంపే, అందుకునే సర్వరేమో తాతయ్య. పనిచేసే ఇరవై మందిలో పద్నాలుగు మందికి చూపు లేదు. అందుకని ప్రతి యంత్రం నుదుటా ఒక చిన్న ప్లాస్టిక్ పట్టీ, దాని మీద చుక్కల్లో పేరు ఉంటాయి. చెయ్యి వేసి, పేరు తడుముకుని, పని మొదలుపెడతారు. పట్టీ చిన్నది కాబట్టి ఒక్క పేరుకే చోటుంటుంది.

తాతయ్యను చూసుకునేది ఎక్స్చేంజి అక్క. ఆవిడకు యాభై ఆరేళ్ళు. పుట్టుకతోనే చూపు లేదు. చదువయ్యాక ఒక పెద్ద ఆసుపత్రి టెలిఫోను ఎక్స్చేంజిలో పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. బోర్డు మీద రెండొందల రంధ్రాలు, వాటిలో గుచ్చే తీగలు. ఏ రంధ్రం ఏ వార్డుదో ఆవిడ వేళ్ళకు తెలుసు. ఏ గొంతు ఏ డాక్టరుదో, ఆ డాక్టరు ఆ పూట భోజనం చేశాడో లేదో కూడా ఆవిడకు తెలిసేదని అంటారు. ఎక్స్చేంజి ఎత్తేసిన రోజున తీగలన్నీ శుభ్రంగా తుడిచి, వరసగా వేలాడదీసి, బోర్డుకు దణ్ణం పెట్టి వచ్చేసిందట. ఆ తర్వాతే మా దగ్గర ప్రూఫు చూసే పనిలో చేరింది. నేను అచ్చుప్రతి పైకి చదువుతాను, ఆవిడ చుక్కలు వేళ్ళతో సరిచూస్తుంది. పదకొండేళ్ళుగా ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుంటున్నాం.

సొంత మెయిల్ సర్వరు పెట్టుకున్నప్పుడు దాని జోలికి పోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. అక్క ఒక్కతే ముందుకొచ్చింది.

"ఇదీ ఎక్స్చేంజే కదండీ. ఇటు లైను అటు కలపడమే కదా" అంది.

తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే గొంతొకటి కంప్యూటర్లో ఉంటుంది. అది ఎంత వేగంగా చదువుతుందంటే మాకు మంత్రం గొణిగినట్టే ఉంటుంది. మేం దానికి గొణుగుడు అని పేరు పెట్టాం. ఆ గొణుగుడును చెవిలో పెట్టుకుని, ఎనిమిది నెలల్లో ఆవిడ తాతయ్యను తన చెప్పుచేతల్లోకి తెచ్చుకుంది.

ఈ సంవత్సరం పరీక్షల ఆఫీసువాళ్ళు మొదటిసారి ఒక మాటకు ఒప్పుకున్నారు. దూరపు ఊళ్ళలో చదువుతున్న పదకొండు మంది చూపులేని పిల్లలకు లెక్కల ప్రశ్నపత్రం బ్రెయిలీలో ఇస్తామన్నారు. అంతకుముందు ఎవరో ఒక మనిషి పక్కన కూర్చుని ప్రశ్నలు చదివి వినిపించేవాడు. ఇప్పుడు పిల్లలే తమ వేళ్ళతో చదువుకుంటారు. రేఖాగణితం బొమ్మలతో సహా చుక్కల్లోకి మార్చి, తాళం వేసిన ఫైలుగా పంపే పని మాది. సోమవారం పరీక్ష. గురువారం సాయంత్రం ఐదులోపు ఫైలు వాళ్ళకు అందాలి. అదీ ముద్రణాలయం పేరుమీద వాళ్ళ దగ్గర నమోదైన మెయిల్ చిరునామా నుంచే రావాలి.

ఆ పత్రం మీద అక్కా, నేనూ తొమ్మిది రోజులు కూర్చున్నాం. ఒక్కో బొమ్మనూ ఆవిడ ఇరవైసార్లు తడిమి చూసింది. పని పూర్తయిన మర్నాటికి పన్ను నొప్పి భరించలేక, పీకించుకోవడానికి వారం సెలవు పెట్టి వెళ్ళింది. ముందు మందులు వాడాలని డాక్టరు గురువారం పొద్దుటికి గానీ పీకలేదు.

ఆవిడ లేని ఆదివారమే పాత యంత్రం ఆగిపోయింది. అక్క చెల్లెలి భర్త కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఏ జబ్బుకైనా మొదటి మందు ఆపి మళ్ళీ వెయ్యడమే అంటాడు కాబట్టి అందరూ అతన్ని రీస్టార్ట్ అని పిలుస్తారు. ఆదివారమైనా కబురు అందగానే పరిగెత్తుకొచ్చాడు. కొత్త యంత్రం తెచ్చి, పాతదాంట్లోని మెయిళ్ళన్నీ అందులోకి మార్చి, అన్నం కూడా తినకుండా రాత్రయ్యేదాకా కూర్చున్నాడు. రూపాయి తీసుకోలేదు. "మా వదిన యంత్రమండీ ఇది" అన్నాడు. అలాంటి మనుషుల వల్లే ఇలాంటి చోట్లు నడుస్తాయని నా నమ్మకం.

గురువారం పదకొండు గంటలకు మేనేజరు గారు ఫైలు పంపారు. నిమిషంలో తిరిగొచ్చింది. మళ్ళీ పంపారు. మళ్ళీ వచ్చింది. నాలుగోసారి కూడా తిరిగొచ్చేసరికి ఆయన ఇక లాభం లేదనుకున్నారు. తన సొంత మెయిలు నుంచి పంపించి, పరీక్షల ఆఫీసుకు ఫోను చేశారు. అవతల గుమాస్తా మర్యాదగానే చెప్పాడు.

"క్షమించండి సార్. నమోదైన చిరునామా నుంచి వస్తేనే తీసుకోవాలి. ఐదింటికి ప్రశ్నపత్రాల పెట్టెలు మూసేస్తారు. రాకపోతే పోయినేడాది లాగే చదివేవాళ్ళని పెట్టేస్తారు, ఇబ్బందేం ఉండదు లెండి."

"ఇబ్బందేం ఉండదట!" అన్నారు మేనేజరు గారు, ఫోను పెట్టేసి.

రీస్టార్ట్ వచ్చాడు. యంత్రం ఆపి వేశాడు. మళ్ళీ ఆపి వేశాడు. అక్కకు ఫోను చేద్దామంటే మేనేజరు గారు ససేమిరా అన్నారు. పాపం నొప్పితో ఉంది, ఎవరూ చెయ్యకండి అని గట్టిగా చెప్పారు. ఎవరూ చెయ్యలేదు. టీ పిన్ని మాత్రం వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

"నేను దేనికీ చెయ్యలేదమ్మా, పన్ను ఎలా ఉందో అడుగుదామని అంతే. ఇక్కడంతా బాగానే ఉంది. మేనేజరు గారే ఎందుకో గదిలో గిరగిరా తిరుగుతున్నారు, ఏదో ఫైలు పోవట్లేదంట. నువ్వు మాత్రం రాకు, పడుకో" అనడం నాకు వినబడింది.

మూడింటికి చేతికర్ర చప్పుడైంది. అక్క ఎడమ బుగ్గ బంతిలా ఉబ్బి ఉంది. మేనేజరు గారు గబుక్కున కుర్చీలోంచి లేచారు. ఆయన ఎప్పుడూ అంతే, ఆవిడ వస్తే లేచి నిలబడతారు. కనబడదు కదా అని ఒకసారి ఎవరో అంటే, కుర్చీ చప్పుడు వినబడుతుంది కదా అన్నారు.

"ఎందుకొచ్చావమ్మా ఇలా? డాక్టరు మాట్లాడొద్దన్నాడు కదా!"

"పన్ను పీకాడండీ, నాలుక వదిలేశాడు" అంది అక్క, దూది పక్కకు నెట్టుకుంటూ. "ఏదీ మా మరిది? అక్కడ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డది నువ్వేనా?"

"నేనే వదినా" అన్నాడు రీస్టార్ట్ చిన్న గొంతుతో. "అన్నీ బాగానే ఉన్నాయి. ఇంకొక్కసారి ఆపి వేస్తే..."

"చెయ్యి తియ్యి దాని మీదనుంచి. ఎన్నిసార్లు చంపి బతికిస్తావు పాపం తాతయ్యని? వాళ్ళు ఏమని తిప్పి పంపారు?"

"రిజెక్టెడ్ అని వచ్చింది."

"ఆ తర్వాత?"

రీస్టార్ట్ మేనేజరు గారి వైపు చూశాడు. ఆయన నా వైపు చూశారు. ముగ్గురం ఆ తెర ముందు పొద్దుటినుంచి నిలబడ్డాం. నిరాకరించారన్న మాట కనబడగానే మళ్ళీ పంపడంలో పడి, దాని వెనకాల ఇంకేముందో ఒక్కరమూ చదవలేదు.

"కళ్ళున్నవాళ్ళు ముగ్గురు!" అంది అక్క నవ్వుతూ. కూర్చుంది. టీ పిన్ని వచ్చి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఎక్కడుందో ఆవిడ వేళ్ళకు తాకించి, నాకేం తెలియదన్నట్టు వెళ్ళిపోయింది.

సర్వరు ఎవరితో ఏం మాట్లాడిందీ, వాళ్ళేమన్నదీ అన్నీ లాగ్ అనే చిట్టాలో పడుతుంటాయట. అక్క గొణుగుడును చెవిలో పెట్టుకుని ఆ చిట్టా వినడం మొదలుపెట్టింది. వినేటప్పుడు ఆవిడ తల కొంచెం పక్కకు వాలుతుంది, కుడిచెయ్యి గాలిలో కనబడని తీగ పట్టుకున్నట్టు ఆగిపోతుంది. ఎక్స్చేంజిలో కూర్చున్నప్పటి అలవాటు.

చెయ్యి కిందికి దిగింది.

"ఐదు వందల నాలుగు" అంది.

"అంటే ఏమిటమ్మా?" అన్నారు మేనేజరు గారు.

"ఐదుతో మొదలైతే లేదు పొమ్మని. నాలుగైతే కాస్త ఆగి రమ్మని. రెండైతే లోపలికి రమ్మని. మనకి పొమ్మన్నారు. ఎందుకంటే..." ఆవిడ ఆ వాక్యాన్ని మళ్ళీ విన్నది. ముఖం మీదికి నవ్వొచ్చింది, ఉబ్బిన బుగ్గ వల్ల ఒక పక్కకే వచ్చింది. "మరిదీ, ఈ కొత్త యంత్రానికి హోస్ట్‌నేమ్ ఏం పెట్టావు?"

"పాతదే పెట్టాను వదినా! అప్పటికి పాతది ఆగిపోయి ఉందిగా, లోపల చూడ్డానికి కుదరలేదు. వాచ్‌మన్ తాతని అడిగితే పట్టీ తడిమి తాతయ్య అని చెప్పాడు. అదే కొట్టాను. మార్చనేలేదు."

"ఒట్టి తాతయ్యా?"

"ఒట్టి తాతయ్యే."

అక్క వెనక్కి వాలి పకపకా నవ్వింది. నొప్పి పుట్టి బుగ్గ పట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు. అప్పుడు మాకు విడమరిచి చెప్పింది. సర్వరు ఇంకో సర్వరు గుమ్మం తట్టగానే ముందు తనెవరో చెప్పుకోవాలి. మన ఇంట్లో తాతయ్య అంటే అందరికీ తెలుసు. పరాయి ఇంటికి వెళ్ళి, నేను తాతయ్యని, తలుపు తీయండంటే ఎవరు తీస్తారు? ఎవరి తాతయ్య? ఏ ఇంటి తాతయ్య? అసలు పేరు తాతయ్య, ఆ తర్వాత చుక్క, ఆ తర్వాత ముద్రణాలయం పేరు, చివర మళ్ళీ చుక్క, దాని వెనక మూడక్షరాలు. పాత యంత్రానికి అక్క అలాగే పెట్టింది. పట్టీ మీద అంత చోటు లేక మొదటి ముక్కే అంటించారు. మిగతాది ఎవరికీ తెలియకుండా ఆ యంత్రం కడుపులోనే ఉండిపోయింది.

"సోమవారం నుంచి కొన్ని మెయిళ్ళు బాగానే వెళ్ళాయి కదా?" అన్నాను నేను.

"అవి అందుకున్నవాళ్ళు చూసీ చూడనట్టు పోనిచ్చారు మాస్టారూ. పరీక్షల ఆఫీసు కదా, అక్కడి కాపలా గట్టిది. గట్టిగా ఉండడమే మంచిది." అక్క గొంతు మెత్తబడింది. "ఎక్స్చేంజిలో చేరిన మొదటి రోజు మా సూపర్వైజరమ్మ చెప్పింది. తీగ గుచ్చగానే హలో అనకు, ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావో పూర్తిగా చెప్పు, ఆ తర్వాతే పని అడుగు అని. పంతొమ్మిదేళ్ళు అదే చెప్పాను. నిద్రలో కలవరించినా ఆసుపత్రి పేరు పూర్తిగా చెప్పేదాన్నని మా చెల్లెలు ఇప్పటికీ ఏడిపిస్తుంది."

రీస్టార్ట్ ముఖం పాలిపోయింది. "నా వల్లేనా వదినా ఇదంతా?"

"నీ వల్ల కాదు, పట్టీ వల్ల. ఆదివారం నువ్వు రాకపోతే ఇవాళ తిప్పి పంపడానికి కూడా మనకి సర్వరు ఉండేది కాదు. ఇలా వచ్చి కూర్చో. నేను చెబుతాను, నువ్వే కొట్టు."

తనే చెయ్యగలదు. అతని కంటే వేగంగా చెయ్యగలదు. అయినా అతన్నే కూర్చోబెట్టింది. రెండు చోట్ల పేరు మార్చాలట, యంత్రానికి ఒకచోట, మెయిళ్ళు నడిపే ప్రోగ్రాం అమరికల్లో ఒకచోట. ఆవిడ ఒక్కో అక్షరం చెప్పింది, అతను ఒక్కో అక్షరం కొట్టాడు. మూడుంబావు దాటింది. మేనేజరు గారు ఐదోసారి ఫైలు పంపారు.

అక్క చెవి ఒగ్గింది. మేమంతా ఆవిడ కుడిచేతినే చూస్తున్నాం.

"నాలుగు వందల యాభై!" అంది.

"వెళ్ళలేదా?" మేనేజరు గారు కూలబడ్డారు.

"వెళ్ళలేదండీ. కానీ ఐదు నుంచి నాలుగుకి దిగాడు! పొమ్మన్నవాడు ఇప్పుడు కాస్త ఆగమంటున్నాడు. పేరు ఒప్పుకున్నాడు. ఇంకేదో సందేహం ఉంది." మళ్ళీ విన్నది. ఈసారి నవ్వలేదు. "నంబరుని బట్టి చూస్తే మీ పేరు కనబడట్లేదంటున్నాడు. మరిదీ, యంత్రంతో పాటు ఇంకేమైనా మార్చావా? నిజం చెప్పు, తిట్టను."

"లైను వదినా. పోయిన నెల వేసిన కొత్త ఇంటర్నెట్ లైను వేగంగా ఉంటుందని... నీకు బాగుంటుందని దానికి తగిలించాను."

"నాకు బాగుంటుందనా!" అంది అక్క. అతని భుజం వెతుక్కుని తట్టింది.

ఎక్స్చేంజిలో ఆవిడ దగ్గర రెండు పుస్తకాలుండేవట. ఒకటి పేరును బట్టి నంబరు వెతికేది, రెండోది నంబరును బట్టి పేరు వెతికేది. ఎవరైనా ఫోను చేసి ఫలానా వార్డు నుంచి మాట్లాడుతున్నాను, మందుల గదికి కలపండి అంటే, ఆవిడ వేళ్ళు రెండు పుస్తకాల మీదా పరిగెత్తేవి. రెండూ ఒకే మాట చెబితేనే తీగ గుచ్చేది. సర్వర్లకూ అలాంటి రెండు పుస్తకాలున్నాయట. తాతయ్య పూర్తి పేరు పాత లైను నంబరుతోనే రెండింట్లోనూ ఉంది. కొత్త లైను నంబరు మీద మన పేరే లేదు. తాతయ్య సరైన పేరే చెబుతున్నాడు గానీ, మాట్లాడుతున్నది పక్కింటి ఫోను నుంచి.

"లైను కంపెనీకి చెప్పి కొత్త నంబరు మీద పేరు రాయిద్దామా?" అన్నారు మేనేజరు గారు.

"రాయించొచ్చు, రేపో ఎల్లుండో అవుతుంది. పాత లైను తీసేశారా?"

"లేదు వదినా, గోడకి వేలాడుతోంది."

"అయితే కంపెనీ ఎందుకు? ఎక్కడుంది?"

ఆవిడ లేచింది. బల్లల మధ్య దారిలో ఏనాడూ ఎవరూ కుర్చీ వదలరు. ఊడ్చే ఆమె రోజుకు నాలుగుసార్లు చూసి మరీ సర్దుతుంది. అక్క కర్ర లేకుండా తిన్నగా గోడ దగ్గరికి నడిచి, వేలాడే తీగ అందుకుంది. చివర తడిమింది. యంత్రం వెనక చెయ్యి పెట్టి, కొత్త తీగ లాగేసి, పాతది గుచ్చింది. టక్కుమంది.

"పంతొమ్మిదేళ్ళు చేసింది ఈ పనే కదండీ" అంది.

లైను అమరికలు రెండు నిమిషాల్లో సరిచేశారు. నాలుగయ్యేందుకు ఐదు నిమిషాలుంది. ఆగమన్న మెయిలు క్యూలో కూర్చుని ఉంటుందట, మళ్ళీ కొత్తగా పంపక్కర్లేదు, కదిలిస్తే చాలు. ఆ కదిలించే మాట చెప్పి, "కొట్టు మరిదీ" అంది.

అతను కొట్టాడు. నేను లోపల దేవుణ్ణి తలుచుకుంటున్నాను. గుమ్మంలో టీ పిన్ని, వాచ్‌మన్ తాత, పెద్దమ్మ దగ్గర పనిచేసేవాళ్ళు అందరూ చేరారు. ఎవరు ఆపారో గాని మేనమామ గుర్రు కూడా ఆగింది.

అక్క చెవిలోంచి గొణుగుడు తీసేసి, అందరికీ వినబడేలా పెట్టింది. మొదటిసారి దాని వేగం తగ్గించింది. ఆ గొంతు ఒక్కొక్క మాటా ఒత్తి పలికింది. రెండు. వందల. యాభై.

"లోపలికి రమ్మన్నాడు!" అని అరిచింది ఎవరో కాదు, మేనేజరు గారు. చప్పట్లు మోగాయి. రీస్టార్ట్ వదిన రెండు చేతులూ పట్టుకుని కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయాడు. గుమాస్తా ఫోను చేసి ఫైలు అందిందనీ, తాళం తెరుచుకుందనీ, బొమ్మలన్నీ ఉన్నాయనీ చెప్పేసరికి నాలుగుంబావు.

గోల సద్దుమణిగాక అక్క మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"మాస్టారూ, నా లెక్కల పరీక్షప్పుడు చదివి వినిపించడానికి ఒకాయన వచ్చాడు. ఎంత మంచివాడనుకున్నారు! నాకోసం మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు, చెమట పడుతోందని అట్టముక్కతో విసిరాడు కూడా. ఒక ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగాడు. ఇందులో బొమ్మ ఉందమ్మా, నీకెందుకులే, తర్వాతది చదువుతా అన్నాడు. జాలిపడి అన్నాడు. నలభై ఏళ్ళైంది. ఆ లెక్కేమిటో నాకు ఇప్పటికీ తెలియదు."

ఆవిడ ఆ పత్రం మీద తొమ్మిది రోజులు ఎందుకంత పట్టుగా కూర్చుందో అప్పుడు తెలిసింది.

మంగళవారం తాతయ్యకు ఒక మెయిలు వచ్చింది. పిల్లల్లో ఆరుగురు చదివే బడి టీచరమ్మ, మిగతా ఐదుగురినీ ఫోనులో అడిగి తెలుసుకుని రాసింది. అక్క అందరికీ వినబడేలా పెట్టింది. పదకొండు మందీ తమ వేళ్ళతోనే చదువుకుని రాశారట. బొమ్మ ఉన్న లెక్క ఎవరూ వదలలేదట. తొమ్మిది మంది సరిగ్గా చేశారు, ఇద్దరు తప్పు చేశారు.

"తప్పు చేశారా!" అక్క బల్ల మీద చరిచింది. ముఖం వెలిగిపోతోంది. "విన్నారా మాస్టారూ? వాళ్ళంతట వాళ్ళే చదువుకుని, వాళ్ళంతట వాళ్ళే తప్పు చేశారు! ఎవరూ దాటించలేదు!"

రీస్టార్ట్ ఆ మధ్యాహ్నమే ఒక కొత్త పట్టీ చేయించి తెచ్చాడు. జానెడు పొడుగుంది. తాతయ్య నుదుటి మీద పట్టక పక్కకు తిరిగింది. చుక్కలతో సహా పూర్తి పేరుంది. వాచ్‌మన్ తాత దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడిమి, "ఇంటిపేరు ఎంత పెద్దదో, గొప్పింటివాడేనన్నమాట" అన్నాడు.

పరీక్ష అయిపోయింది గనక పత్రం ఇక రహస్యం కాదు. సాయంత్రం అక్క పెద్దమ్మ మీద ఒక ప్రతి తీసుకుని వచ్చింది. పని గంటలు అయిపోయాయి. నేను సంచీ సర్దుకుంటున్నాను. ఆవిడ బొమ్మ ఉన్న పేజీ తీసి రెండు చేతులూ దాని మీద పెట్టింది. ఇన్నాళ్ళూ చుక్కలు సరిగ్గా ఉన్నాయా లేదా అనే చూసింది, లెక్క చెయ్యలేదు. వృత్తం చుట్టూ ఒక వేలు తిరిగింది. బయట ఒక చుక్క, అక్కణ్ణుంచి వృత్తాన్ని తాకుతూ రెండు గీతలు. కేంద్రం దగ్గర కోణం నూట ఇరవై అని ఇచ్చారు, బయటి చుక్క దగ్గర కోణం ఎంతో కనుక్కోవాలి.

"చెప్పకండి మాస్టారూ" అంది.

నేను సంచీ కింద పెట్టి కూర్చున్నాను. ఊడ్చే ఆమె కూడా చీపురు ఆపింది. అక్క పెదవులు కదిలాయి, వేళ్ళు వెనక్కీ ముందుకీ వెళ్ళాయి.

"అరవై డిగ్రీలు."

జవాబుల కాగితం చూశాను. "అరవయ్యేనమ్మా."

"ఇంతేనా!" అంది అక్క. "ఇంత చిన్నదానికా నలభై ఏళ్ళు!" ఉబ్బు తగ్గిన బుగ్గతో, ఈసారి రెండు పక్కలా నవ్వింది. పేజీ తిప్పి, తర్వాతి లెక్క మీద చేతులు పెట్టింది.